ఎస్‌ఎస్‌పీఈ: తట్టు తగ్గిన ఏళ్లకు బయటపడే మెదడు జబ్బు – తరచుగా అడిగే ప్రశ్నలు

నేను వైద్యుణ్ణి కాను. మా అక్క కొడుకుకు ఎనిమిదో నెలలో తట్టు వచ్చింది, ఏడో ఏట ఎస్‌ఎస్‌పీఈ అని తేలింది. అప్పటి నుంచి ఆస్పత్రి వరండాల్లో పరిచయమైన కుటుంబాలు నాకు ఫోను చేస్తూనే ఉన్నాయి, అడిగేవి మాత్రం దాదాపు అవే ప్రశ్నలు. మావాణ్ణి చూసిన వైద్యుల దగ్గర సరిచూసుకున్న జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఎవరికి ఏ ప్రశ్న అవసరమైతే అది మాత్రమే చదువుకోవచ్చు. మెదడు జబ్బు మందుల మోతాదులు పిల్లల బరువును బట్టి, జబ్బు తీరును బట్టి మారతాయి కాబట్టి అవి ఇక్కడ రాయలేదు.

## జబ్బు పేరు విన్న రోజు

ఎస్‌ఎస్‌పీఈ అంటే ఏమిటి? డాక్టరు గారు పూర్తి పేరు చెప్పారు గానీ ఒక్క ముక్క అర్థం కాలేదు.

పూర్తి పేరు సబ్‌అక్యూట్ స్క్లీరోజింగ్ పానెన్‌కెఫలైటిస్. వారాలు, నెలల తరబడి ముదురుతూ, మెదడు మొత్తాన్నీ వాపుకు గురిచేసి, కణజాలాన్ని మచ్చకట్టినట్టు గట్టిపరిచే జబ్బు అని దాని అర్థం. దీనికి కారణం తట్టు వైరస్. కొన్ని ఊళ్లలో తట్టును పొంగు అంటారు, డాక్టర్లు మీజిల్స్ అంటారు. 1933లో జేమ్స్ డాసన్ అనే అమెరికా పాథాలజిస్టు, చనిపోయిన రోగి మెదడు కణాల్లో వైరస్ ఉనికిని సూచించే గుర్తులను మొదటిసారి వర్ణించారు. అది తట్టు వైరసేనని తేలడానికి 1960ల దాకా పట్టింది.

మా వాడికి తట్టు ఎప్పుడూ రాలేదు. అలాంటప్పుడు ఈ జబ్బు ఎలా వస్తుంది?

తట్టు రాకుండా ఎస్‌ఎస్‌పీఈ రాదు. వచ్చిన సంగతి గుర్తు లేకపోవడం, వచ్చినా దాన్ని తట్టు అని పోల్చుకోకపోవడం మాత్రం చాలా మామూలు. మావాడి విషయంలో డాక్టరు గారు "చిన్నప్పుడు మీజిల్స్ వచ్చిందా?" అని అడిగితే అక్క లేదని ఖాయంగా చెప్పింది. వెనకాల నిలబడ్డ అమ్మ కల్పించుకుని, "ఎనిమిదో నెలలో పొంగు పోస్తే గుమ్మానికి వేప మండలు కట్టాం కదే" అనేదాకా ఆ మాట కేసు షీటులోకి ఎక్కలేదు. అమ్మవారు పోసిందని ఆస్పత్రికి తీసుకెళ్లని ఇళ్లలో చీటీ ఉండదు, మందుల బిల్లు ఉండదు, నానమ్మకో అమ్మమ్మకో ఉన్న జ్ఞాపకమే ఆధారం. అందుకే ఈ ప్రశ్నను ఇంట్లో పెద్దవాళ్లను కూడా అడగండి. పసిపిల్లల్లో తల్లి నుంచి వచ్చిన రక్షణ కొంత మిగిలి ఉంటే దద్దురు పలచగా వచ్చి, మామూలు జ్వరమనుకునేలా గడిచిపోవడం కూడా ఉంది.

తట్టు వారం పది రోజుల్లో తగ్గిపోయింది కదా. ఇన్నేళ్ల తర్వాత మెదడులోకి ఎలా వచ్చింది?

ఇన్నేళ్ల తర్వాత రాలేదు, అప్పుడే చేరి ఉండిపోయింది. తట్టు వచ్చిన పిల్లల్లో దాదాపు అందరి శరీరమూ వైరస్‌ను పూర్తిగా తుడిచేస్తుంది. ఏ కొద్దిమందిలోనో, ముఖ్యంగా రోగనిరోధక శక్తి ఇంకా ఎదిగే దశలో ఉన్న పసివాళ్లలో, అది నాడీకణాల్లో తిష్ఠ వేస్తుంది. అక్కడ ఏళ్ల తరబడి దాని జన్యువుల్లో మార్పులు పోగుపడతాయి. వైరస్ రేణువు పూర్తిగా తయారై కణం నుంచి బయటపడటానికి అవసరమైన ఎం ప్రొటీన్ దెబ్బతింటుంది. పక్క కణంలోకి చొరబడటానికి వాడుకునే ఎఫ్ ప్రొటీన్ మాత్రం మరింత చురుకవుతుంది. దాంతో వైరస్ బయటికి రాకుండానే ఒక నాడీకణం నుంచి పక్క నాడీకణంలోకి పాకుతుంది. ఈ పిల్లల రక్తంలోనూ వెన్ను నీటిలోనూ తట్టు వైరస్‌తో పోరాడే యాంటీబాడీలు దండిగా ఉంటాయి, అయినా లోపలున్న వైరస్‌ను అవి అందుకోలేవు. వీధిలో ఎంతమంది పోలీసులు తిరుగుతున్నా, ఇంటి గోడకు కన్నం వేసుకుని పక్కింట్లోకి పోయే దొంగను పట్టలేనట్టు. తట్టుకూ ఈ జబ్బు లక్షణాలకూ మధ్య సాధారణంగా 6 నుంచి 10 ఏళ్లు గడుస్తాయి. ఏడాది నిండకుండానే తట్టు వచ్చిన పిల్లల్లో అంతకంటే ముందే బయటపడవచ్చు.

ఇది నిజంగా అంత అరుదా? తట్టు వచ్చినవాళ్లలో ఎంతమందికి వస్తుంది?

తట్టు వచ్చిన అన్ని వయసుల వారినీ కలిపి లెక్కిస్తే, దాదాపు పదివేల మందిలో ఒకరికి అని చాలాకాలం చెప్పేవారు. ఆ సగటు వెనక పసిపిల్లల సంగతి దాగిపోయింది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్ర కేసులను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఐదేళ్లలోపు తట్టు సోకిన పిల్లల్లో 1,367 మందికి ఒకరు, ఏడాదిలోపు సోకినవారిలో 609 మందికి ఒకరు చొప్పున ఈ జబ్బు పాలైనట్టు తేలింది. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో రెండు మూడు రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. తట్టు తగ్గని దేశాల్లో ఎస్‌ఎస్‌పీఈ కూడా తగ్గదు. మన దేశంలో పెద్ద న్యూరాలజీ విభాగాల వైద్యులకు ఇది పుస్తకంలో మాత్రమే చదివిన జబ్బు కాదు.

మా బంధువుల బాబుకు జ్వరం తర్వాత మెదడు వాపు వస్తే స్టెరాయిడ్లతో తగ్గింది. మా వాడికి ఎందుకు తగ్గదు?

వాళ్ల బాబుకు వచ్చింది బహుశా వేరే జబ్బు. మెదడు వాపు అనే ఒక్క మాట కింద డాక్టర్లు చాలా జబ్బులను చెబుతారు. తట్టు దద్దురు కనిపించిన రోజుల్లోనే వచ్చే మెదడు వాపు ఒకటి, అది తట్టు వచ్చిన వెయ్యి మందిలో సుమారు ఒకరికి వస్తుంది. ఆడెమ్ అనేది మరొకటి. ఏదో ఒక వైరస్ జ్వరం తగ్గిన కొద్ది రోజులకో వారాలకో శరీరంలోని రక్షణ వ్యవస్థే పొరబడి నరాల మీది మైలిన్ పొరపై దాడి చేస్తుంది, స్టెరాయిడ్లు ఇస్తే చాలామంది పిల్లలు బాగా కోలుకుంటారు. క్యాన్సర్ చికిత్స వంటి కారణాలతో రోగనిరోధక శక్తి పడిపోయిన పిల్లల్లో, తట్టు సోకిన ఏడాదిలోపే వచ్చే తీవ్రమైన మెదడు జబ్బు ఇంకొకటి ఉంది. ఎస్‌ఎస్‌పీఈ ఈ మూడింటికీ భిన్నం. ఏళ్ల తర్వాత, జ్వరం కూడా లేకుండా, చడీచప్పుడు కాకుండా మొదలవుతుంది, స్టెరాయిడ్లతో నయం కాదు. మొదట్లో స్కాన్ చూసి ఆడెమ్ అనుకుని స్టెరాయిడ్లు ఇచ్చి, తర్వాత ఎస్‌ఎస్‌పీఈ అని తేల్చిన కుటుంబాలు నాకు రెండు తెలుసు. దాన్ని నిర్లక్ష్యంగా భావించనక్కర్లేదు, తొలిదశలో రెండూ స్కానులో ఒకలాగే కనిపించవచ్చు.

## అనుమానం మొదలైనప్పుడు

బాగా చదివేవాడు ఉన్నట్టుండి వెనకబడ్డాడు, చెప్పిన మాట వినడం లేదు. బద్ధకమా, జబ్బా?

చదువులో వెనకబడ్డ పిల్లల్లో ఎస్‌ఎస్‌పీఈ ఉన్నవారు వేలల్లో ఒకరు కూడా ఉండరు కాబట్టి ఈ ఒక్క లక్షణానికే భయపడకండి. గమనించవలసినది తేడా ఎటు పోతున్నదన్నదే. బద్ధకించిన పిల్లవాడు కొత్త పాఠం నేర్చుకోడు. ఈ జబ్బు ఉన్న పిల్లవాడు వచ్చిన విద్యనే పోగొట్టుకుంటాడు. మావాడి రెండో తరగతి కాపీ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. జూన్‌లో గీత మీద నిటారుగా నిలబడ్డ అక్షరాలు దసరా సెలవుల నాటికి గీత దాటి కిందికి జారాయి, ఒత్తులు పక్క అక్షరం కిందికి పోయాయి, సంక్రాంతి ముందు రాసిన పేజీలో తన పేరులోనే రెండక్షరాలు లేవు. ప్రతి పేజీ చివరా టీచరు గారు ఎర్ర సిరాతో "శ్రద్ధ లేదు" అని రాశారు. మేమూ అదే అనుకుని కోప్పడ్డాం. మాటలు తడబడటం, దారి మరిచిపోవడం, అకారణంగా ఏడవడం లేదా నవ్వడం, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం వంటివి వారాల తరబడి పెరుగుతూ ఉంటే పిల్లల న్యూరాలజిస్టును కలవండి. వెళ్లేటప్పుడు తేదీలున్న పాత నోటుపుస్తకాలు పట్టుకెళ్లండి. నోటితో చెప్పే కథ కన్నా అవి ఎక్కువ చెబుతాయి.

కూర్చున్నచోటే ఉలిక్కిపడ్డట్టు ఊగుతున్నాడు, స్పృహ మాత్రం పోవడం లేదు. ఇవి ఫిట్సేనా?

మయోక్లోనస్ అనే కండరాల కుదుపులు కావచ్చు. ఆస్పత్రి భాషలో జెర్కులు అంటారు. ఎస్‌ఎస్‌పీఈలో వీటి ప్రత్యేకత లయ తప్పకుండా రావడం. మావాడు అన్నం ముద్ద కలిపి నోటిదాకా తెచ్చేలోపు తల చటుక్కున ముందుకు వాలేది, చెయ్యి సడలేది, ముద్ద ఒళ్లో పడేది, ఏమీ జరగనట్టు మళ్లీ కలుపుకునేవాడు. పెరుగన్నం గిన్నె పక్కన గడియారం పెట్టుకుని అక్క లెక్కపెట్టింది. ఏడెనిమిది సెకన్లకొకటి, అరగంట పాటు అదే వరస. సాధారణంగా ఇవి 5 నుంచి 10 సెకన్లకు ఒకసారి వస్తాయి, నిద్రలో తగ్గుతాయి లేదా ఆగిపోతాయి, నడుస్తుండగా వస్తే పిల్లవాడు దబ్బున పడిపోతాడు. డాక్టరు గది లోపలికి వెళ్లిన ఐదు నిమిషాల్లో జెర్కు రాకపోవచ్చు కాబట్టి, కూర్చున్నప్పుడు, చేతులు ముందుకు చాపినప్పుడు, నడిచేటప్పుడు ఫోనులో రెండేసి నిమిషాల వీడియో తీసి చూపించండి. ఒళ్లంతా బిగుసుకుని స్పృహ పోయే అసలు ఫిట్సు కూడా ఈ జబ్బులో వేరుగా రావచ్చు. ఐదు నిమిషాల్లో ఆగని ఫిట్సుకు ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి.

చూపు మందగించిందని కంటి డాక్టరు దగ్గరికి వెళితే మెదడు డాక్టరు దగ్గరికి పంపారు. కంటికీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. ఎస్‌ఎస్‌పీఈలో కంటి వెనక రెటీనా మధ్యభాగమైన మాక్యులా దెబ్బతినవచ్చు, చూపును అర్థం చేసుకునే మెదడు భాగం కూడా దెబ్బతినవచ్చు. కొందరిలో మిగతా లక్షణాల కంటే ముందే కంటి సమస్య వస్తుంది. అలా పంపిన కంటి వైద్యులు మీకు మేలు చేశారు.

గాలి సోకింది, చేతబడి చేశారు అంటున్నారు పెద్దవాళ్లు. తాయెత్తు కట్టిస్తే తప్పా?

తాయెత్తు వల్ల జబ్బు పెరగదు, తగ్గదు. అది ఇంట్లో పెద్దవాళ్ల మనసుకు ఊరటనిస్తే దాని గురించి తగాదా పడవలసిన పని లేదు. చురకలు వేయించడం, పొగ పెట్టడం, ఉపవాసం ఉంచడం, ఫిట్సు మందు ఆపించడం మాత్రం ఎంతటి పెద్దవాళ్లు చెప్పినా ఒప్పుకోకండి. ఉన్నట్టుండి మందు ఆపితే ఆగకుండా ఫిట్సు వచ్చే ప్రమాదం ఉంది.

## పరీక్షల దశ

ఏ పరీక్షలతో ఈ జబ్బును ఖాయం చేస్తారు?

లక్షణాలు, ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్ష), వెన్ను నీటిలో తట్టు యాంటీబాడీలు, ఈ మూడూ కలిస్తే సాధారణంగా ఇక అనుమానం మిగలదు. ఈఈజీలో 4 నుంచి 10 సెకన్లకు ఒకసారి, రెండు వైపులా ఒకేసారి పెద్ద పెద్ద అలలు లేస్తాయి. జెర్కు వచ్చిన క్షణమే అల కూడా లేవడం కంటికి కనిపిస్తుంది. వెన్ను నీటి విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ జబ్బులో మామూలు పరీక్షల్లో కణాల సంఖ్య, చక్కెర సాధారణంగానే ఉండవచ్చు. "నీరు శుభ్రంగా ఉంది, ఇన్‌ఫెక్షన్ లేదు" అని రిపోర్టు చూసి ఇంటికి వచ్చేసిన కుటుంబాలున్నాయి. తట్టు యాంటీబాడీ పరీక్షను విడిగా రాసి పంపితేనే చేస్తారు, అదే రోజు రక్తం నమూనా కూడా తీసి రెంటినీ పోల్చి చూస్తారు. ఆ నమూనా పంపారా లేదా అని అడగడానికి మొహమాటపడకండి. మెదడు ముక్క తీసి చూసే బయాప్సీ అవసరం ఇప్పుడు దాదాపుగా రాదు. బెంగళూరులోని నిమ్హాన్స్ దశాబ్దాలుగా ఈ జబ్బుపై పరిశోధన చేస్తున్న సంస్థ.

వెన్నులోంచి నీరు తీస్తే కాళ్లు పడిపోతాయంటున్నారు. ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోవచ్చు. వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగుస్తుంది. సూది పెట్టేది దానికి బాగా దిగువన, నీరు మాత్రమే ఉండి అందులో నరాల పోగులు తేలియాడే చోట. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు తలనొప్పి, నడుం దగ్గర నొప్పి ఉండవచ్చు. మెదడులో ఒత్తిడి పెరిగిందన్న అనుమానం ఉంటే ముందు స్కాన్ చేసి, సురక్షితమని తేలాకే నీరు తీస్తారు.

ఎంఆర్ఐ నార్మల్ అని వచ్చింది. అయినా ఎస్‌ఎస్‌పీఈ అంటారేమిటి?

జబ్బు తొలి నెలల్లో ఎంఆర్ఐ పూర్తిగా మామూలుగా ఉండవచ్చు. తర్వాత మెదడు వెనక భాగంలోని తెల్ల పదార్థంలో మార్పులు కనిపిస్తాయి, ఇంకా ముదిరాక మెదడు కుంచించుకుపోతుంది. స్కాన్ నార్మల్ అయినంత మాత్రాన జబ్బు లేదని కాదు, స్కానులో మచ్చలు తక్కువున్నంత మాత్రాన జబ్బు తేలికదని కూడా కాదు.

## చికిత్స

ఇది నయమవుతుందా? దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

నయం చేసే మందు ఇంతవరకు లేదు. ఈ జవాబును మెత్తగా రాయాలని నాలుగుసార్లు ప్రయత్నించి, ప్రతిసారీ చదివేవాళ్లను మోసం చేస్తున్నట్టు అనిపించి చెరిపేశాను. జబ్బు బయటపడిన పిల్లల్లో సుమారు 95 శాతం మంది చివరికి చనిపోతారు, ఎక్కువమంది ఒకటి నుంచి మూడేళ్లలోపు. పదిమందిలో ఒకరికి జబ్బు నెలల్లోనే విపరీతంగా ముదురుతుంది. మరోవైపు, నూటికి ఐదుగురిలో ఏ కారణం కనిపించకుండానే జబ్బు ఆగిపోవడమో కొంత వెనక్కి తగ్గడమో జరుగుతుంది, కొందరు చాలా ఏళ్లు బతుకుతారు. మీ పిల్లవాడు ఏ కోవలోకి వస్తాడో మొదటి నెలల నడక చూసి వైద్యులు ఒక అంచనాకు వస్తారు, అంతకుముందే ఎవరైనా ఖాయంగా చెబితే నమ్మకండి.

డాక్టరు గారు రెండో దశ అన్నారు. దశలు ఎన్ని?

సాధారణంగా నాలుగుగా లెక్కిస్తారు. మొదటి దశలో ప్రవర్తన, చదువు, మాట మారతాయి. రెండో దశలో జెర్కులు, ఫిట్సు వస్తాయి, నడక తడబడుతుంది. మూడో దశలో ఒళ్లు బిగుసుకుపోతుంది, పిలిస్తే పలకడం తగ్గుతుంది. నాలుగో దశలో పిల్లవాడు పూర్తిగా మంచానికే పరిమితమై స్పృహ కోల్పోతాడు, ఒంటి వేడి, చెమట, శ్వాస, గుండె వేగం అదుపు తప్పుతాయి. అందరిలోనూ ఇవి ఇదే వరసలో, ఇంతే సమయంలో జరగవు. ఒక దశలో నెలల తరబడి నిలిచిపోయిన పిల్లలను నేను చూశాను.

ఏ మందులు ఇస్తారు? వాటివల్ల ఉపయోగం ఎంత?

రెండు రకాలు. వైరస్‌ను, రోగనిరోధక శక్తిని ఉద్దేశించి ఇచ్చేవి మొదటి రకం. నోటితో ఇచ్చే ఐసోప్రినోసిన్, మెదడులోని నీటి గదుల్లోకి నేరుగా పంపే ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా వీటిలో ముఖ్యమైనవి. ఇంటర్‌ఫెరాన్ ఇవ్వడానికి తల చర్మం కింద ఒమ్మాయా రిజర్వాయర్ అనే చిన్న బుడగ లాంటి పరికరాన్ని ఆపరేషన్ చేసి అమరుస్తారు. 2003లో ప్రచురించిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో, ఐసోప్రినోసిన్ ఒక్కటే తీసుకున్నవారిలోనూ, రెండూ తీసుకున్నవారిలోనూ దాదాపు మూడో వంతు మందికి జబ్బు నిలకడగా ఉండటమో కొంత మెరుగుపడటమో జరిగింది. అంటే రెండో మందు చేర్చడం వల్ల తేడా తేలలేదు. ఇంటర్‌ఫెరాన్‌తో జ్వరం, పరికరం వల్ల మెదడు పొరలకు ఇన్‌ఫెక్షన్ వచ్చే అవకాశం ఉన్నాయి. ఐసోప్రినోసిన్‌తో యూరిక్ ఆమ్లం పెరుగుతుంది కాబట్టి అప్పుడప్పుడు రక్తపరీక్ష చేస్తారు. రెండో రకం జెర్కులనూ ఫిట్సునూ తగ్గించేవి, కార్బమజెపిన్, వాల్‌ప్రోయేట్, లెవెటిరాసెటమ్, క్లోబజామ్ వంటివి. ఇవి జబ్బును ఆపవు. కానీ జెర్కులు తగ్గితే పిల్లవాడు పడిపోకుండా కూర్చోగలడు, నాలుగు ముద్దలు తినగలడు. రోజువారీ బతుకులో మాకు పనికొచ్చింది ఎక్కువగా ఈ రెండో రకమే.

స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే మెదడు తిరిగి పెరుగుతుందంటున్నారు. లక్షలు అవుతాయట. చేయించాలా?

వద్దు. ఎస్‌ఎస్‌పీఈకి స్టెమ్ సెల్ చికిత్స పనిచేస్తుందని రుజువు లేదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్త సంబంధ జబ్బుల వంటి ఆమోదం పొందిన వాటికి తప్ప, మిగతా జబ్బులకు స్టెమ్ సెల్స్‌ను అనుమతి పొందిన పరిశోధనల్లో భాగంగానే వాడాలి, పరిశోధనలో చేరినవారి దగ్గర దానికి డబ్బు తీసుకోకూడదు. ఎవరైనా ముందుగా అడ్వాన్సు కట్టమంటే ఆ ఒక్క మాటే మీకు సమాధానం. పొలం అమ్మి పెట్టిన డబ్బు గాలి పరుపుకు, సక్షన్ మెషీన్‌కు, ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టుకు ఖర్చయితే పిల్లవాడికి ప్రతిరోజూ అందుతుంది.

## ఇంటి దగ్గర

తినిపిస్తుంటే పొలమారుతోంది. ముక్కు గొట్టం పెట్టించమంటున్నారు, మాకు మనసు ఒప్పడం లేదు.

ఆ జంకు అందరికీ ఉంటుంది, మా అక్క నెల రోజులు ఒప్పుకోలేదు. ఆ నెలలోనే రెండుసార్లు నిమోనియా వచ్చింది. మింగే కండరాలు లయ తప్పినప్పుడు అన్నం, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ప్రతిసారీ దగ్గు రాకపోవచ్చు కూడా. గొట్టం పెట్టడం ఓటమి కాదు, కడుపు నిండటానికి, మందు సమయానికి లోపలికి చేరడానికి దారి. ఎక్కువ కాలం అవసరమైతే పొట్ట మీది నుంచి నేరుగా జీర్ణాశయంలోకి పెట్టే పెగ్ గొట్టం ముక్కు గొట్టం కన్నా సౌకర్యం. రాగి జావ, పప్పు కట్టు వంటివి పలచని బట్టలో వడగట్టి పోయండి, లేకపోతే గొట్టం పూడుకుపోతుంది. పోసేటప్పుడూ, పోసిన తర్వాత అరగంట నుంచి గంట దాకా తల, భుజాలు ఎత్తుగా ఉంచండి. చివర కొద్దిగా మంచినీళ్లు పోసి గొట్టం కడగండి. నోటితో తినకపోయినా పళ్లు, చిగుళ్లు రోజుకు రెండుసార్లు శుభ్రం చేయాలి.

పక్కపుండ్లు పడకుండా ఏం చేయాలి?

పగలూ రాత్రీ రెండు గంటలకోసారి పక్క మార్చడమే అసలు మందు. గాలి పరుపు సాయపడుతుంది గానీ పక్క మార్చే పని తప్పించదు. పిరుదులు, మడమలు, తల వెనక భాగం రోజూ చూసుకోండి. నొక్కినా తెల్లబడని ఎర్ర మచ్చ కనిపిస్తే అదే పుండుకు మొదలు.

చలికాలంలో కూడా ఒళ్లు కాలిపోతోంది, చెమటలు కారుతున్నాయి. ప్రతిసారీ ఆస్పత్రికి పోవాలా?

జబ్బు ముదిరాక ఒంటి వేడిని అదుపు చేసే మెదడు భాగం దెబ్బతిని, ఇన్‌ఫెక్షన్ లేకుండానే వేడి పెరగవచ్చు. అయితే ఈ పిల్లల్లో నిమోనియా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కూడా తరచుగా వస్తాయి. ఆయాసం, గురగుర, కఫం రంగు మారడం, మూత్రం వాసన రావడం, మామూలు కంటే మగతగా ఉండటం వంటివి ఉంటే అది జబ్బు వేడే అనుకుని ఇంట్లో కూర్చోవద్దు.

వికలాంగుల సర్టిఫికెట్ వస్తుందా?

వస్తుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో దీర్ఘకాలిక నాడీ సంబంధ సమస్యలు, బహుళ వైకల్యాలు ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల్లో సదరం శిబిరం ద్వారా గానీ, యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు కోసం ఆన్‌లైన్‌లో గానీ దరఖాస్తు చేయాలి. పిల్లవాడు ఇంకా కూర్చోగలిగే దశలోనే ఈ పని పూర్తి చేసుకోండి. మంచంలో ఉన్న పిల్లవాణ్ణి శిబిరానికి మోసుకెళ్లి వరసలో ఉండటం ఎంత కష్టమో అనుభవించి చెబుతున్నాను.

## ఇంట్లోని మిగతా పిల్లలు, టీకా

ఈ జబ్బు చెల్లెలికి అంటుకుంటుందా? పక్కన పడుకోబెట్టవచ్చా?

అంటుకోదు. మెదడులోని వైరస్ పూర్తి రేణువుగా తయారై బయటికి రాలేని స్థితిలో ఉంటుంది కాబట్టి దగ్గు, ఉమ్మి, పాత్రలు, బట్టల ద్వారా ఎవరికీ సోకదు. పక్కన పడుకోనివ్వండి, ఆడుకోనివ్వండి.

తొమ్మిదో నెలలో టీకా వేయించాం. కార్డు కూడా ఉంది. అయినా ఎలా వచ్చింది? టీకా వల్లే వచ్చిందా?

టీకా వల్ల రాదు. ఈ జబ్బు ఉన్నవారి మెదడు నుంచి తీసిన వైరస్ జన్యువులను పరీక్షించినప్పుడల్లా బయట తిరిగే తట్టు వైరసే కనిపించింది, టీకాలో వాడే వైరస్ కాదు. లోపల ఇప్పటికే ఉన్న జబ్బును టీకా రేపదు, తొందరపెట్టదు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం కూడా తేల్చింది. టీకా వేయించిన పిల్లల్లో ఈ జబ్బు కనిపిస్తే సాధారణ కారణం, తొమ్మిదో నెల రాకముందే తట్టు సోకి ఉండటం. మావాడికి జరిగింది అదే, ఎనిమిదో నెలలో తట్టు, తొమ్మిదో నెలలో టీకా. అంత చిన్న పిల్లలకు చుట్టుపక్కల పెద్ద పిల్లలందరూ టీకా వేయించుకుని ఉండటమే రక్షణ. ఆ వాడలో ఎవరి పిల్లవాడు టీకా తప్పించుకున్నాడో, వాడి దగ్గు ఏ ఉయ్యాల దాకా వచ్చిందో మాకెప్పటికీ తెలియదు.

ఇప్పుడు తట్టు టీకా ఎప్పుడెప్పుడు వేయించాలి?

మన దేశంలో ప్రభుత్వ పట్టిక ప్రకారం ఎంఆర్ టీకా మొదటి డోసు 9 నుంచి 12 నెలల మధ్య, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య. తట్టు టీకా 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమంతో మొదలైంది, రెండో డోసు 2010 నుంచి, తట్టు–రుబెల్లా కలిపిన ఎంఆర్ టీకా 2017 నుంచి వచ్చాయి. ఒకటి తప్పినా ఏఎన్‌ఎంను అడిగి వేయించండి. వయసు దాటిందని మానేయకండి.

మా పాపకు ఏడు నెలలు. పక్కింటి బాబుకు తట్టు వచ్చింది, నిన్ననే పాపను ఎత్తుకున్నాడు. ఇప్పుడేం చేయాలి?

ఈ రోజే ఆస్పత్రికి వెళ్లి ఈ మాటే చెప్పండి, గంటలు లెక్కలోకి వస్తాయి. ఆరు నెలలు నిండిన పిల్లలకు తట్టు ఉన్నవారి దగ్గర మసలిన 72 గంటల్లోపు టీకా వేస్తే జబ్బు రాకుండా ఆపే, లేదా తేలిక చేసే అవకాశం ఉంది. ఆరు నెలలు నిండని పసివాళ్లకు ఆరు రోజుల్లోపు ఇమ్యునోగ్లోబ్యులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల మందు) ఇవ్వవచ్చు. ఇలా ముందుగా వేసిన టీకా డోసు లెక్కలోకి రాదు, తొమ్మిదో నెల టీకా, రెండో ఏటి టీకా మామూలుగా వేయించాల్సిందే. తట్టు నిజంగానే వస్తే వైద్యులు విటమిన్ ఎ రెండు రోజులు వరసగా ఇస్తారు, ఆరు నుంచి పదకొండు నెలల పిల్లలకు రోజుకు లక్ష యూనిట్లు, ఏడాది దాటినవారికి రెండు లక్షలు. దద్దురుకు నాలుగు రోజుల ముందు నుంచి నాలుగు రోజుల తర్వాత దాకా తట్టు అంటుతుంది, రోగి వెళ్లిపోయిన గది గాలిలో రెండు గంటల వరకు వైరస్ ఉండగలదు. కాబట్టి చూసిరావడానికి పసిపిల్లలను తీసుకుని వెళ్లకండి.

అమెరికా నుంచి పుట్టువెంట్రుకలు తీయించడానికి ఎనిమిది నెలల బాబుతో వస్తున్నాం. అక్కడ మొదటి టీకా ఏడాదికి అంటున్నారు. ఆగాలా?

ఆగవద్దు. అమెరికాలో మామూలు పట్టిక ప్రకారం మొదటి ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా కలిపిన టీకా) డోసు 12 నుంచి 15 నెలల మధ్యే. కానీ విదేశాలకు ప్రయాణించే 6 నుంచి 11 నెలల పిల్లలకు ముందుగా ఒక డోసు వేయాలని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతుంది. ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు వేయించండి, ఏడాది నిండాక మామూలు రెండు డోసులూ మళ్లీ వేయించండి. ఈ జబ్బు ఏదో ఒక్క దేశానిదని అనుకోనక్కర్లేదు. టీకా వయసు రాకముందు పసితనంలో తట్టు సోకిన ఒక బడి వయసు చిన్నారి ఎస్‌ఎస్‌పీఈతో చనిపోయినట్టు 2025 సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్ కౌంటీ ఆరోగ్య శాఖ ప్రకటించింది.

ఇద్దరు పిల్లలకూ చిన్నప్పుడు ఒకేసారి తట్టు వచ్చింది. పెద్దవాడికి ఈ జబ్బు. చిన్నదానికి ముందుగా తెలుసుకునే పరీక్ష ఉందా?

లక్షణాలు లేని పిల్లలో రాబోయే ఎస్‌ఎస్‌పీఈని ముందుగా కనిపెట్టే పరీక్ష లేదు. తట్టు వచ్చిన ప్రతివారి రక్తంలోనూ యాంటీబాడీలు ఉంటాయి కాబట్టి రక్తపరీక్ష చేయించి భయపడటమే మిగులుతుంది. ఒకే ఇంట్లో ఇద్దరికి రావడం చాలా అరుదు. అక్క కూతురికి ఇప్పుడు పదకొండేళ్లు. అది హోంవర్కు చేసుకుంటుంటే అక్క కూర తరుగుతూనే దాని కుడిచేతిని గమనిస్తూ ఉంటుంది. పెన్సిలు జారి కింద పడితే కత్తిపీట దగ్గర చెయ్యి ఆగిపోతుంది. అమ్మాయి వంగి పెన్సిలు తీసుకుని, "ఊరికే జారిందమ్మా" అని తనే చెబుతుంది.